మైకు వెనక నవ్విన మనిషి

మొన్న అతని సంస్మరణ సభలో మైకు కీచుమంది. చెవులు మూసుకుంటూనే హాల్లో ఉన్నవాళ్ళందరం ఒకేసారి ఎడమ పక్క మూలకు తిరిగి చూశాం. స్పీకరు పెట్టె పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చెప్పులు విడిచి, ఒక కాలు పైకి మడిచి కూర్చుని ఉండే మనిషి కోసం చూశాం. ఎవరి సభో అప్పుడు గుర్తొచ్చింది. కొత్తగా మాట్లాడుకున్న సౌండు సర్వీసు అతను ఏవో మీటలు తిప్పాడు. కీచు తగ్గింది. నేను లేచి మాట్లాడాను.

బాగా మాట్లాడాను. ఆ సంగతి సిగ్గుపడుతూ చెబుతున్నాను. బాబాల మీద, జాతకాల మీద, కులం మీద సూళ్లూరుపేటలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇన్నేళ్ళుగా వేదికలెక్కుతున్నవాణ్ణి. చప్పట్లు ఎక్కడ పడతాయో నాకు తెలుసు. అతని గురించి మాట్లాడేటప్పుడు కూడా సరిగ్గా అక్కడే ఆగాను. సరిగ్గా అక్కడే పడ్డాయి. చెప్పవలసిన ఒక్క సంగతి తప్ప అన్నీ చెప్పి కూర్చున్నాను. ఆ ఒక్కటీ ఇక్కడ రాస్తున్నాను.

ఊళ్ళో అతన్ని మైకన్న అనేవాళ్ళు. షామియానాలు, కుర్చీలు, మైకు సెట్లు అద్దెకిచ్చే పని. చర్చి మహాసభలకూ అతనే, జాతరకూ అతనే, అన్ని పార్టీల ఎన్నికల సభలకూ అతనే, దేవుడు లేడని చెప్పే మా హేతువాద సంఘం సభలకూ అతనే. మైకు పెట్టేవాళ్ళందరూ "హలో, హలో, మైక్ టెస్టింగ్" అంటారు. అతను అనడు. గొంతు సవరించుకుని, లండను బంగళాలో బట్లరులాగా ముక్కుతో సాగదీసి, "డిన్నర్ ఈజ్ సర్వ్‌డ్, మై లార్డ్" అనేవాడు. ఒకసారి నిరాహార దీక్ష శిబిరంలో కూడా అదే అన్నాడు. దీక్షలో కూర్చున్నవాళ్ళలో ఇంగ్లీషు తెలిసినవాళ్ళు అతని మీద ఫిర్యాదు చేశారు. తెలియనివాళ్ళు మైకు బాగుందన్నారు.

వినయం ఉన్న మనిషి కాదు. తన గొంతంటే తనకు మహా ముచ్చట. ఇతరుల గొంతుల మీద తీర్పులు చెప్పేవాడు, అడగకపోయినా. మనుషుల్ని మొహాలతో కాదు, గొంతులతో గుర్తుపెట్టుకునేవాడు. వీధిలో ఎదురుపడితే గుర్తుపట్టక, నమస్కారం అనగానే "ఓ, మీరా" అనేవాడు. ఉపన్యాసం అయ్యాక నేను చెమట తుడుచుకుంటుంటే పక్కకు వచ్చి, "మీ గొంతులో మిడిల్ జాస్తి అన్నా, ఆ గరుకంతా దాందే. నేను తగ్గించినానంటే మీ కోపమంతా పొయ్యి పెండ్లి పిలుపు మాదిరి ఉంటాది. అందుకే ఉంచినా" అనేవాడు. నా తిరుగుబాటు అతని మీట మీద ఆధారపడి ఉందన్నమాట.

ఆదివారం పొద్దున చర్చిలో పాడేవాడు. సాయంత్రం మా సభకు తీగలు లాగేవాడు. అదేం నిలకడ అని నేను నిలదీసేవాణ్ణి. నమ్మితే నమ్ము, లేకపోతే మాతో రా, రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు అనేవాణ్ణి. అతను తీగ చుట్టుకుంటూ, "పాస్టరు గారూ మీరూ ఒకే తావున ఆగి నీళ్ళు తాగతారన్నా. నేను చూస్తానే ఉండాను గదా" అన్నాడు. ఆ తర్వాత చాలా సభల్లో గ్లాసు ముట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు.

ఇంత చెప్పినా అసలు మనిషిని ఇంకా చెప్పలేదు. అసలు మనిషి అతని గోడౌన్లో ఉండేవాడు. షామియానా బట్టలు మడతలు పెట్టి పైకప్పు దాకా పేర్చిన రేకుల గది అది. గుడ్డ ప్రతిధ్వనిని తాగేస్తుందట. ఆ బట్టల మధ్య ఒక మనిషి పట్టేంత సందు చేసుకుని, దాన్లో చిన్న బల్ల, ఒక మంచి మైకు, కంప్యూటరు పెట్టుకున్నాడు. అక్కడ కూర్చుని పాడ్‌కాస్ట్ చేసేవాడు. ఫోన్లో ఎప్పుడంటే అప్పుడు వినే రేడియో లాంటిది. విషయం, పాత బ్రిటిష్ రేడియో హాస్యం. రెండో ప్రపంచ యుద్ధం అయిన తర్వాతి రోజుల్లో అక్కడి జనం సాయంత్రాలు రేడియో చుట్టూ చేరి విని నవ్వుకున్న నాటికలు, అల్లరి కార్యక్రమాలు. ఒక్కోసారి ఒక్కోటి తీసుకుని, కాస్త వినిపించి, దాన్ని గురించి సగం తెలుగులో సగం ఇంగ్లీషులో మాట్లాడేవాడు. దానికి 'ముందుగది' అని పేరు పెట్టాడు. ఆ పేరెందుకని నేనెప్పుడూ అడగలేదు.

వినేవాళ్ళు ఉండేవాళ్ళు. ఇంగ్లండులో వయసు మళ్ళినవాళ్ళు కొందరు తెలుగు ముక్క అర్థం కాకపోయినా వినేవాళ్ళట, అతని నవ్వు కోసం. హైదరాబాదు ట్రాఫిక్కులో కార్లు నడిపేవాళ్ళు కొందరు. వినేవాళ్ళ సంఖ్యను అతను పెంచి చెబుతున్నాడని నాకు అనుమానం ఉండేది. సూళ్లూరుపేటలో మాత్రం ఒక్కరూ వినలేదు. అది అతనికి లోపల గుచ్చుకుంటుండేది. ఇన్ని ఊళ్ళ గొంతులు పెద్దవి చేసిన మనిషి గొంతును సొంత ఊరు వినలేదు.

ఆ నవ్వు గురించి చెప్పాలి. అతను హాస్యం చెప్పడంలో చాలా చేతగానివాడు. ముగింపు తనకు ముందే తెలుసు గనక అది రాకముందే నవ్వేసేవాడు. ఒక చేత్తో నోరు మూసుకుని, రెండో చేత్తో 'ఆగండి, ఆగండి, వస్తోంది' అని మనకు సైగ చేసేవాడు. అది వచ్చేసరికి అతను నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ ఉండేవాడు, మనం అతన్నే చూస్తూ అసలు మాట వినకుండా పోయేవాళ్ళం. పాడ్‌కాస్ట్‌లోనూ అంతే. ఒక్క ముక్క కత్తిరించేవాడు కాదు. దగ్గు, మింగుడు, బయట ఆటో హారను, రేకుల మీద కాకి, అన్నీ ఉండాల్సిందే. ఆ పాత కార్యక్రమాలు జనం ముందు ఒక్క ఊపున చేసినవి, తడబాటు కూడా అలాగే గాల్లోకి వెళ్ళేది, అందుకే బతికున్నాయి అనేవాడు. కత్తిరించి అతికించిన మాటలో మనిషి ఉండడనేది అతని సిద్ధాంతం.

శబ్దాల పిచ్చి సరేసరి. ఆ నాటికల్లో తలుపు కిర్రుమనడం, కంకర మీద అడుగులు, గుర్రం డెక్కలు, ఇవే ప్రాణమట. మనకూ అవి కావాలని తిరిగేవాడు. శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరే రోజు ఊరంతా మేడలెక్కి ఆకాశం చూస్తుంటే, అతను పులికాటు ఒడ్డున మైకు పట్టుకుని నేల వైపు చూస్తూ నిలబడేవాడు. రాకెట్టు శబ్దం అతనికి అక్కరలేదు. అది తగ్గాక కుక్కలన్నీ కాసేపు నోరు మూసుకుని, ఆ తర్వాత ఒకటి ధైర్యం చేసి మొరుగుతుందట. ఆ మొదటి మొరుగు కావాలి.

దొరల హాస్యాన్ని గుడ్డిగా మోసేవాడని మాత్రం ఎవరూ అనుకోకూడదు. నేను అలాగే అనుకున్నాను గనక ఇది రాయడం నా బాధ్యత. అతని బల్ల మీద సైకిల్ బెల్లు ఒకటి ఉండేది. వినిపిస్తున్న దాన్లో మన వాళ్ళ యాసను వెక్కిరించినా, నల్లవాళ్ళను చులకన చేసినా బెల్లు కొట్టేవాడు. "ఇది మన మీద" అని చెప్పి ముందుకు పోయేవాడు. కొన్ని భాగాల్లో బెల్లు మోగుతూనే ఉండేది. అలాంటి వాటిని ఎందుకు వినిపించాలని అడిగితే, ఎవరు ఎక్కడ ఎందుకు నవ్వారో తెలియకపోతే వాళ్ళను తెలుసుకున్నట్టు కాదన్నాడు. నేను వ్యాసాల్లో పేజీలు పేజీలు రాసే విమర్శను అతను ఒక బెల్లుతో ముగించేవాడు. అప్పట్లో అది నాకు పిల్లచేష్టగా కనిపించింది.

మా సంఘంలో నెలకోసారి అధ్యయన కూటం జరుగుతుంది. ఒకరు ఒక విషయం చెబుతారు. మిగతావాళ్ళు అడ్డంగా ప్రశ్నిస్తారు. ఆఖరున చేతులెత్తి తీర్మానం చేస్తాం. దేనినీ నమ్మకం మీద ఒప్పుకోకూడదనేది మా పద్ధతి. మంచి పద్ధతే. ఒక నెల ఉపన్యాసకుడు రాలేదు. ఖాళీగా ఉంది గదా, నాకిమ్మని మైకన్న అడిగాడు. అంతకు ముందు అతను మా కూటంలో మాట్లాడలేదు. వందన సమర్పణలో టీ ఇచ్చినవాళ్ళ తర్వాత అతని ప్రస్తావన వచ్చేది, అంతే.

ఒక నాటికలో ముక్క వినిపించాడు. ఒక ఆఫీసరు తలుపు తీస్తాడు. తలుపు కిర్రుమంటుంది. ఆ కిర్రు ఆగదు. ఆఫీసరు ఆ కిర్రు మీదుగానే దేశం పరిస్థితి గురించి గంభీరంగా ఉపన్యాసం ఇస్తాడు. ఉపన్యాసం అయిపోతుంది. కిర్రు అవదు. తలుపు పూర్తిగా తెరుచుకునేసరికి లోపల ఎవరూ లేరు, అందరూ పింఛను తీసుకుని వెళ్ళిపోయారు. అతను మామూలుగా ముందే నవ్వేశాడు. మేమెవరమూ నవ్వలేదు. ప్రశ్నలు మొదలుపెట్టాం. దీని సామాజిక ప్రయోజనం ఏమిటి? ఇది ఏ వర్గపు హాస్యం? శబ్దం సాగినంత మాత్రాన నవ్వెందుకు రావాలి, రుజువు ఏమిటి? పాపం, రుజువు చేయడానికి ప్రయత్నించాడు. తలుపెందుకు తలుపో, ఆఫీసరెందుకు ఆఫీసరో చెమటలు పట్టేలా వివరించాడు. చివరికి నేనే లేచి, దీనికి నవ్వు వస్తుందా రాదా అన్నది సభ తేల్చాలని ప్రతిపాదించాను. చేతులెత్తాం. రాదని పెద్ద మెజారిటీతో తేలింది.

ప్రపంచంలో ఇంకెక్కడైనా పెద్దవాళ్ళు చేతులెత్తి ఒక నవ్వును ఓడించారో లేదో నాకు తెలియదు. మేము చేశాం, గర్వంగా చేశాం. అతను మైకు దగ్గరికి వెళ్ళి, ఆ బట్లరు గొంతు కాదు, మా వందన సమర్పణ గొంతుతో అన్నాడు: "దీనికి నవ్వు రాదని సభ తీర్మానించినాది. మైకు కూడా ఈ తీర్మానానికి కట్టుబడి ఉంటాది." ఆ ముక్కకు వెనక వరుసలో ఒకాయన పగలబడి నవ్వాడు. సభా మర్యాద పాటించమని అధ్యక్షుడు ఆయన్ను మందలించాడు. అధ్యక్షుణ్ణి నేనే.

ఆ తీర్మానం కథంతా అతను తర్వాతి పాడ్‌కాస్ట్‌లో చెప్పాడు. ఇంగ్లండులో పెద్దవాళ్ళకు అది ఎంతో నచ్చిందట. మా సంఘం గురించి ఇంకా చెప్పమని అడిగారట. నాకు చెప్పినప్పుడు అతని మొహంలో ఎక్కడా కక్ష లేదు. నన్నే ఒకసారి వచ్చి కూర్చోమన్నాడు. తిట్టండి, వాదించండి, మీ ఇష్టం, కానీ మన ఊరి మనిషి ఒకరు నా ఎదురుగా కూర్చుని వినాలి అన్నాడు. అతనికి కావలసింది అదొక్కటే. దానికోసం చాలాకాలం అడిగాడు. సరే అన్నాను.

దానికి ముందు ఒక వానరోజు సంగతి చెప్పాలి. మా ఇంటి వరండాలో కూర్చుని ఉన్నాం. ఈ పిచ్చి నీకెలా పట్టిందని అడిగాను. వాళ్ళ నాయన మిషన్ ఆస్పత్రి బంగళాలో వంటమనిషి. దళితవాడ నుంచి వచ్చిన మొదటి తరం క్రైస్తవుడు. బంగళాలో ఒంటరిగా ఉండే ముసలి డాక్టరు దొరసానికి ఒక రేడియో ఉండేది. వారానికోసారి, వంట అయ్యాక, దానికి చెవి ఆనించి కూర్చునేది. ఒక్కతే నవ్వలేకపోయేదేమో, వంటమనిషి ఇంటిల్లిపాదినీ పిలిచేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వుతుంటే వీళ్ళూ నవ్వేవాళ్ళు. "ఆయమ్మ నవ్వింది గదా అని నవ్వేటోళ్ళం అన్నా. తర్వాత ఎందుకు నవ్విందో తెలుసుకోవాలని ఇంగ్లీషు చదివినా" అన్నాడు. తన గురించి ఇంత లోపలి మాట అతను నాతో ఎప్పుడూ చెప్పలేదు. వాన తగ్గింది, వెళ్ళిపోయాడు. ఆ మాటను నేను దాచుకున్నాను. స్నేహితుడి మాటగా కాదు. వాదించేవాడు ఎదుటివాడి మాటను దాచుకునే పద్ధతిలో దాచుకున్నాను.

రికార్డింగు ఒక మధ్యాహ్నం గోడౌన్లో జరిగింది. ఆ రోజు అతను ఉతికిన చొక్కా వేసుకున్నాడు, ఎవరూ చూడని కార్యక్రమానికి. ఆ బట్టల గుట్టల మధ్య మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాం. వినేవాళ్ళకు నన్ను పరిచయం చేశాడు. నేను మొదలుపెట్టాను. మన నేతగాళ్ళను చంపినవాళ్ళ నవ్వు మనకెందుకన్నాను. నవ్వు కూడా ఎగుమతి సరుకేనన్నాను. అతను మధ్యమధ్య "అవునన్నా, నిజమే" అంటూ, సందు దొరికినప్పుడల్లా ఒక ముక్క వినిపించేవాడు. వాదన నాదే పైచేయిగా ఉంది. అప్పుడు ఒక చిన్న ముక్క వేశాడు. పెద్ద అధికారి ఒకడు దేశభక్తి మీద ఉపన్యాసం ఇస్తూ నీళ్ళు తాగడానికి ఆగుతాడు. గుటకలు వినిపిస్తాయి. ఇంకా వినిపిస్తాయి. జనం ఓపిగ్గా వేచి ఉంటారు. గుటకలు ఆగవు. చివరికి ఎవరో లేచి ఆ గుటకలకే చప్పట్లు కొడతారు.

నేను నవ్వాను. నవ్వకూడదనుకుంటూనే, కడుపులోంచి, పెద్దగా నవ్వాను. అతను ఆనందంతో బల్ల మీద చెయ్యి కొట్టి మైకులో అన్నాడు: "విన్నారు గదా. మా అన్న నవ్వినాడు."

అందులో ఎగతాళి లేదు. ఇప్పుడు నాకు తెలుసు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషి సంతోషం అది. కానీ ఆ క్షణంలో నాకు వినిపించింది ఓటమి. వేదిక మీద చిక్కినప్పుడు నేనేం చేస్తానో అదే చేశాను. చేతికి దొరికిన పదునైనది తీసుకున్నాను.

"నీది నవ్వే కాదు. ఆ దొరసాని వరండాలో కింద కూర్చుని, ఆమె నవ్విందని నవ్వడం నేర్చుకున్నావు. ఇప్పుడు దానికి మైకు పెట్టి కళ అంటున్నావు" అన్నాను.

అతను మామూలు గొంతుతో, తప్పు సరిదిద్దుతున్నట్టు అన్నాడు.

"వరండా కాదన్నా. ఆయమ్మ మమ్మల్ని ముందుగదిలో కూచోబెట్టేది. వరండా మీ ఇంట్లో."

అని, మైకు వైపు తిరిగి, మన ఉపన్యాసకుడి గుటకలు ఎంతవరకు వచ్చాయో చూద్దాం అంటూ కార్యక్రమం నడిపించాడు. చివరిదాకా మర్యాదగా నడిపించాడు. నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు.

అయిపోయాక తీగ తీస్తుంటే నేను, ఆ ముక్క తీసెయ్యమన్నాను. ఏ ముక్క అని అడిగాడు. "మీరన్నదా, నేనన్నదా?"

"నువ్వన్నది" అన్నాను.

ఆ వెంటనే "రెండూ" అన్నాను. కానీ ముందు వచ్చిన మాట ముందు వచ్చింది. పత్రికలో నా వ్యాసంలో ఒక్క వాక్యం కోస్తే సంపాదకుల మీద యుద్ధం చేసిన మనిషిని నేను. భావస్వేచ్ఛ మీద నా ఉపన్యాసాలకు అతనే మైకు పెట్టాడు.

అతను తీగను మోచేతికీ అరచేతికీ చుట్టుకుంటూ, "నేను కొయ్యను గదన్నా, మీకు తెలుసు. మొత్తమే పెట్టనులే" అన్నాడు.

పెట్టలేదు. తర్వాతి వారం వినేవాళ్ళకు ఏం చెప్పాడో నేను విన్నాను. నా జీవితంలో మొదటిసారి ఆ పాడ్‌కాస్ట్ విన్నాను, అదీ నా గురించి ఏమన్నాడో అన్న భయంతో. తన అజాగ్రత్త వల్ల తీగ ఊడిపోయి రికార్డింగు పోయిందన్నాడు. ఇన్ని జాతరల్లో, గాలివానల్లో నా తీగ ఊడటమన్నది లేదని ఊరంతా చెప్పుకు తిరిగే మనిషి, ఆ ఒక్క గర్వాన్నీ నాకోసం వదులుకున్నాడు.

ఇక నా వరండా సంగతి. మాది దొరవారిసత్రం దగ్గర పొలాలున్న రైతు కుటుంబం. కులం వదిలానని నేనే నమ్మాను, నలుగురికీ చెప్పాను. అతను మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చాడు. ఎప్పుడూ వరండాలోనే. గాలికి కూర్చుంటాడని అనుకున్నాను. అసలు అనుకోను కూడా లేదు, అలా ఉండేది, అంతే. మా అమ్మాయికి మంత్రాలూ ముహూర్తమూ లేని పెళ్ళి మా ఇంట్లోనే చేశాం. కుల నిర్మూలన మీద ఆ రోజు నేను మాట్లాడాను. హాల్లో మైకు పెట్టింది అతనే. ఎలా పెట్టాడో రికార్డింగు అయిన రోజు ఇంటికొస్తూ దారిలో గుర్తొచ్చింది. కిటికీ ఊచల్లోంచి తీగ లోపలికిచ్చి, మా తమ్ముడి చేత ప్లగ్గు పెట్టించి, స్పీకరు ఎటు తిప్పాలో బయటి నుంచి చేత్తో చూపించాడు. అతని తీగ మా ఇంట్లోకి వచ్చింది. మనిషి రాలేదు. ఎంత నేర్పుగా పెట్టాడని నేను అందరి ముందూ మెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి నా భార్యను అడిగాను, అతను ఎప్పుడైనా లోపలికి వచ్చాడా అని. ఆమె బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా, "మీరెప్పుడైనా రమ్మన్నారా?" అంది. మరి నువ్వు రమ్మనకపోయావా అని నోటిదాకా వచ్చింది. అంటే, అప్పుడు కూడా వాదన గెలవాలనే చూశాను.

తర్వాత అతను వచ్చినప్పుడు లోపలికి రమ్మన్నాను. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. సోఫాలో కూర్చోబెట్టాను. అతను అంచున కూర్చున్నాడు. నేను అతన్ని చూస్తున్నాను. నేను చూస్తున్నానని అతనికి తెలుస్తోంది. నేను టీ తెమ్మని అరిచిన అరుపులో కూడా ఏదో ప్రకటన ఉంది. కాసేపటికి లేచి, "గాలాడటం లేదన్నా" అంటూ బయటికి నడిచాడు. వరండాలో కూర్చోగానే మళ్ళీ మామూలు మనిషయ్యాడు. కొత్తగా ఎవరో పాస్టరు గొంతులో బాసు ఎక్కువైందని చెప్పాడు. నా పశ్చాత్తాపాన్ని కూడా అతనే మోయాల్సి వచ్చింది, నా సభల స్పీకరు పెట్టెల మాదిరే.

ఆ తర్వాత పాడ్‌కాస్ట్‌కు రమ్మని అతను నన్ను అడగలేదు. నేనూ వస్తానని అనలేదు. మైకు పెడుతూనే ఉన్నాడు. పోయిన నెల చెన్నై నుంచి వస్తూ రైల్లో గుండె ఆగి పోయాడు. చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయట. ఎదుటి సీటు ఆయన నిద్రపోతున్నాడనుకున్నాడట.

సభ అయిపోయాక, కుర్చీలు మడుస్తుంటే అతని కూతురు నా దగ్గరికి వచ్చింది. చెన్నైలో ఉద్యోగం చేస్తుంది. నన్ను పెదనాన్నా అంటుంది. పాడ్‌కాస్ట్ వినేవాళ్ళు అడుగుతున్నారని, ఆఖరుగా ఒకటి పెట్టి ముగించాలని ఉందని చెప్పింది. నాయన కంప్యూటరులో బయటికి రాని రికార్డింగు ఒక్కటే మిగిలిందంది. విన్నానంది. నాయన అంత సంతోషంగా ఇంకెక్కడా నవ్వలేదంది. మిగతాది విన్నదో లేదో ఆమె మొహంలో నాకు తెలియలేదు. విన్నది. మొత్తం విన్నదని తర్వాత ఆమె మాటల్లోనే తెలిసింది.

"మీ మాట మీదే పెట్టలేదని నాయన ఒకసారి చెప్పినాడు. అందుకే మిమ్మల్నడగాల్సి వచ్చింది పెదనాన్నా" అంది.

పెట్టమ్మా అనడానికి నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు.

"అందులో నా పేరు ఉందా?"

పక్కనే, అప్పుడే దండ తీసిన ఆమె నాయన ఫోటో ఉంది. నేను అంతకు ముందే ఆ ఫోటో పక్కన నిలబడి సత్యం గురించి మాట్లాడాను.

ఆమెకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. "లేదు పెదనాన్నా. పేరు చెప్పలేదు. మొదట్నించి చివరిదాకా మా అన్న, మా అన్న అనే అన్నాడు" అంది.

కుర్చీ ఒకటి విప్పి కూర్చున్నాను. కొంతసేపటికి, పెట్టమన్నాను. ఒక్క ముక్క కొయ్యకుండా పెట్టమన్నాను. మొదట్లో నా పేరు కూడా చెప్పమన్నాను, ఊరు పేరు, సంఘం పేరుతో సహా. అలాగైనా కొంత తీరుతుందనుకున్నాను.

ఆమె ఆలోచించి వద్దంది. నాయన ఏమీ కొయ్యలేదు, అతికించనూ లేదు, ఆయన అన్నట్టే ఉండనీ అంది.

ఈ వారం అది బయటికి వచ్చింది. ఎక్కడెక్కడో ఎవరెవరో వింటున్నారు. నేనెవరో వాళ్ళకు తెలియదు. ఆ మాట అన్నది అతని అన్న అని మాత్రం వాళ్ళందరికీ తెలుసు.